నేను చూపించిన గుప్పెడు

నీ గుప్పెడు ఎంత బరువు తూగుతుందో ఎప్పుడైనా చూసుకున్నావా? పశువైద్యం చదివి, పట్టా చేతికొచ్చి, రేపో మాపో ఏదో ఊళ్ళో ఆసుపత్రి తలుపు తెరవబోతున్న నిన్నే అడుగుతున్నాను. మోతాదుల పట్టికలు నీకు కంఠతా వచ్చు. పరీక్షలో గ్రాములతో సహా రాసి ఉంటావు. కానీ ఆవుగల మనిషి నీ ఎదుట నిలబడి ఎంత పెట్టమంటారని అడిగితే నీ నోట గ్రాములు రావు. గుప్పెడు అంటావు, దోసెడు అంటావు. నేనూ అలాగే అన్నాను. ఆ మాటకి ఒక ఆవు చచ్చిపోయింది. ఆ తర్వాత నేను అనవలసిన మాట అనకపోవడం వల్ల ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. రెండో తప్పు మొదటిదానికన్నా పెద్దది.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ లోకోషెడ్డులో ఖలాసీగా చేరాడు. నేను నిమ్‌పురా క్వార్టర్లలో పుట్టి పెరిగాను. పశువైద్యుణ్ణై ఈ చుట్టుపక్కలే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ రాయను. అవి నాకే ఏమీ నేర్పలేదు, నీకేం నేర్పుతాయి.

పేడ ముందు, ఆవు తర్వాత

నా మొదటి పైఅధికారి మైతీ బాబు. మేదినీపూర్ మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. నేను చేరిన మొదటి వారం ఒక ఆవు దగ్గరికి స్టెతస్కోపుతో హడావుడిగా వెళ్తుంటే వెనకనుంచి కాలరు పట్టుకుని ఆపాడు.

"ఆగే గోబొర్ దాఖో. తార్ పొరే గోరు."

ముందు పేడ చూడు, ఆ తర్వాతే ఆవు. ఆయన గొంతుక్కూచుని, పుల్లతో పేడ కెలికి చూపించాడు. పేడ గట్టిగా, ముద్దలు ముద్దలుగా పడితే ఆవుకి ప్రోటీన్ చాలడం లేదని అనుమానించాలి. పల్చగా జారి, ముక్కు మండే వాసన వస్తే ఎక్కువైందని అనుమానించాలి. ఆ తర్వాతే మిగతా పరీక్షలు. ఆయన నాకు నేర్పినదాంట్లో సగం ఆ పుల్లతోనే నేర్పాడు.

మిగతా సగం ఇది. ఆవు గడ్డి తిని బతుకుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆవు మొదటి పొట్టలో ఉన్న కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డి తింటాయి, ఆవు ఆ సూక్ష్మజీవుల్ని అరిగించుకుంటుంది. మొదటి పొట్ట అంటే పులియబెట్టే పెద్ద కుండ. మనం పెట్టే చెక్కలోని ప్రోటీన్‌లో చాలా భాగం అక్కడ విరిగి అమ్మోనియా అవుతుంది. సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాని పట్టుకుని, తవుడులోనో మొక్కజొన్నలోనో ఉన్న పిండిపదార్థపు శక్తితో తమ ఒళ్ళు పెంచుకుంటాయి. అవే కిందికి జారి నాలుగో పొట్టలో, పేగుల్లో అరిగి పాలవుతాయి.

రెండూ ఒకేసారి అందాలి. అమ్మోనియా ఉండి పిండిపదార్థం లేకపోతే ఆ అమ్మోనియాకి పనిలేదు. రక్తంలోకి వెళ్తుంది. కాలేయం దాన్ని పట్టుకుని మూత్రంలోకి తోసెయ్యడానికి ఆవు సొంత శక్తిని ఖర్చు పెడుతుంది. కాలేయం తట్టుకోలేనంత వస్తే అది విషం. వట్టి గడ్డి తినే బక్క ఆవుకి కొంచెం ప్రోటీన్ అందిస్తే గడ్డి బాగా అరుగుతుంది, మేత ఎక్కువ తింటుంది, పాలు పెరుగుతాయి. ఇది నిజం, నా కళ్ళతో చూశాను. కొంచెం పెడితే ఇంత పెరిగాయి కాబట్టి ఎక్కువ పెడితే ఇంకెంతో పెరుగుతాయనుకోవడం మాత్రం అబద్ధం. ఈ రెండు వాక్యాల మధ్యనే నా ఉద్యోగమంతా గడిచింది.

తీసెయ్యమన్నందుకు కోపం

తాల్‌బగీచాలో సూర్యారావు గారని రిటైరైన రైలు డ్రైవరు ఉండేవారు. సంకరజాతి ఆవులు రెండు. ఆవనూనె ఆడాక మిగిలే చెక్కని ఇక్కడ ఖోల్ అంటారు. ఆయన తట్టెడు ఖోల్ పెట్టి, దానిమీద డబ్బాలో వచ్చే బలం పొడి చల్లేవారు. ఆవుల పక్కటెముకలు లెక్కపెట్టచ్చు. పేడ నీళ్ళలా జారేది. ఎన్నిసార్లు సూది వేయించినా చూలు నిలిచేది కాదు. నేను పొడి మొత్తం ఆపమన్నాను. ఖోల్ సగం చేసి, గడ్డీ తవుడూ పెంచమన్నాను.

"ఏటండీ డాక్టరు గారూ, ఎవరి దగ్గిరికెల్లినా ఏదో ఒకటి రాసిస్తారు. మీరు ఉన్నది తీసీమంటన్నారు."

"ఎక్కువైంది. మీ ఆవు దాన్ని పాలు చెయ్యడం లేదు, మూత్రం చేస్తోంది. ఆ వాసన చూడండి."

"మా మనవడు జిమ్ముకెల్తన్నాడు. డబ్బాలకి డబ్బాలు తాగుతన్నాడు. ఆడికి నేని గోల దీనికేటి?"

"మీ మనవడు నెమరు వెయ్యడు కదండీ."

లోపలినుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "అదీ ఏస్తాడు బాబూ. పొద్దల్లా బబుల్‌గమ్మే."

నెల తిరిగేసరికి పేడ కట్టింది. పాలు గ్లాసెడు కూడా తగ్గలేదు. ఆ తర్వాత ఒక ఆవు చూలు నిలబెట్టుకుంది. అయినా సూర్యారావు గారి మొహంలో తృప్తి లేదు. పొడి చల్లకుండా వచ్చిన పాలమీద ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇంకొకడెవడో ఇంకో డబ్బా అంటగడితే సంతోషంగా కొనుక్కున్నారు.

నేను ఆ రోజుల్లో ఈ కథ ఎగతాళిగా చెప్పేవాణ్ణి. ఆవు మెడలో తాయెత్తు కట్టేవాడికీ, తొట్టిలో డబ్బా కుమ్మరించేవాడికీ తేడా లేదని. ఇద్దరూ ఎంత, ఎందుకు, ఎలా అని అడగరని. సరిగ్గానే అన్నాను. అడగకుండా నమ్మేవాళ్ళలో నన్ను నమ్మేవాళ్ళు కూడా ఉన్నారన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

సభలో ఎత్తిన చెయ్యి

కుర్రతనం నుంచీ నాకు చర్చావేదికలంటే పిచ్చి. వితంతు వివాహం, జ్యోతిషం, దిష్టి, దేవుడు, ఏ విషయమైనా సరే ఎదుటివాణ్ణి నిలబెట్టి అడిగి, మాట రాకుండా చెయ్యడం నాకు చాతనవును. రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు నిమ్‌పురాలో మన తెలుగువాళ్ళు ఒక సభ పెట్టి పశుపోషణ మీద మాట్లాడమన్నారు. నేను దిష్టిబొమ్మలతో మొదలుపెట్టాను. ఆవు పాలు తగ్గితే పక్కింటి ఆడదాని కళ్ళమీద తోసే మూర్ఖుల్ని దులిపాను. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల ఊపులో దాణా దగ్గరికి వచ్చాను.

"బలం ఖోల్‌లోనే ఉందని ఎవరన్నారు? ఖోల్ కొనలేని ఇంట్లో ఆవు ఎండిపోవాలా? అదే పని గుప్పెడు యూరియా చేస్తుంది" అంటూ పిడికిలి పైకెత్తి చూపించాను.

చెప్పింది పూర్తిగా తప్పు కాదు. సూక్ష్మజీవులకి యూరియా అయినా ఒకటే, చెక్క అయినా ఒకటే, అమ్మోనియా చేసుకుంటాయి. కానీ యూరియా దాణాలో నూటికి ఒక పాలు మించకూడదు. తవుడులో బాగా కలిపి పెట్టాలి. నీళ్ళలో కలపకూడదు, ఆకలితో ఉన్న పశువుకి పెట్టకూడదు, మెల్లగా అలవాటు చెయ్యాలి. ఇవన్నీ కూడా చెప్పాను. చివర్లో, గబగబా, జనం టీ కోసం లేస్తున్నప్పుడు చెప్పాను. పిడికిలి అందరూ చూశారు. మిగతాది ఎవరూ వినలేదు.

ముందు వరసలో సూరమ్మ ఉంది. పక్కనే ఆమె కొడుకు పైడయ్య, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ ఆవు పేరు గంగ. ఆ క్వార్టర్ల లైనులో గంగ ఒక్కటే ఆవు. అన్ని ఇళ్ళవాళ్ళూ బియ్యం కడిగిన నీళ్ళూ, గంజీ, కూరల తొక్కలూ బకెట్లో దాచి తెచ్చి సూరమ్మ తొట్టిలో పోసేవారు. ఆ కుడితికి బదులు సూరమ్మ మజ్జిగ ఇచ్చేది. నిమ్‌పురాలో మా అమ్మ కాలం నుంచీ ఉన్న పద్ధతే. ఎవరిల్లు ఏ స్థితిలో ఉందో ఆ తొట్టి దగ్గరే తెలిసేది.

తొట్టిలో కుడితి పోసేవాళ్ళలో నూకరత్నం ఒకతె. జాకెట్లు కుట్టి బతికేది. భర్తా, ఇద్దరు పసిపిల్లలూ పోయారు. అలాంటి మనిషి గురించి లైనులో ఆడవాళ్ళు వెనకాల ఏమనుకుంటారో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ గుసగుసలకి వ్యతిరేకంగానే నేను ఆ సభలో గొంతు చించుకున్నాను.

సూరమ్మ రోజూ తన గుప్పెడు యూరియా తవుడులో కలిపి పెట్టింది. ఎండిన చిన్న చెయ్యి ఆమెది. గంగ పేడ మెత్తబడింది, పాలు కొంచెం పెరిగాయి. "డాక్టరు బాబు మాట" అని అందరికీ చెప్పుకుంది. రెండు నెలలు గడిచాక కంటికి ఆపరేషన్ చేయించుకుంది. ఆవు పని పైడయ్య మీద పడింది.

తొట్టి దగ్గర

ఒక ఆదివారం పదకొండింటికి ఫోను వచ్చింది. సైకిలు మీద వెళ్ళేసరికి గంగ కిందపడి ఉంది. ఒళ్ళంతా వణుకు, నోట్లో నురగ, ఎడమ డొక్క డోలులా ఉబ్బి ఉంది. ఏం పెట్టావని పైడయ్యని అడిగాను. వాడు ఆవు తల ఒళ్ళో పెట్టుకుని, నాకు మాత్రమే వినబడేట్టు చెప్పాడు.

"దాణా అయిపోనాది బాబూ. ఆదోరం, కొట్టు తీసినాడు కాదు. గడ్డి కూడా నేదు. బలం తగ్గిపోద్దని రెండు గుప్పెళ్ళు యూరియా కుడితిలో కలిపీసినాను. మీరు సూపించిన గుప్పెడే."

వాడి చెయ్యి చూశాను. రోజంతా స్పానరు తిప్పే చెయ్యి. తవుడు లేదు కాబట్టి యూరియా రెట్టింపు చేశాడు. వాడి లెక్క వాడికి సరైనదే. బలం యూరియాలో ఉందని చెప్పింది నేను. తవుడు లేకపోతే ఆ బలమే విషమని చెప్పవలసినదీ నేనే.

చల్లటి నీళ్ళు బిందెలకి బిందెలు తెమ్మన్నాను. అమ్మోనియాని అణచడానికి వెనిగర్ కావాలన్నాను. ఎవరింట్లోనూ లేదు. ఒకాయన పరుగెత్తి వెళ్ళి చౌమీన్ బండివాడి దగ్గర సీసాలు రెండు పట్టుకొచ్చాడు. నోట్లోంచి గొట్టం వేసి నీళ్ళూ, వెనిగరూ పోశాం. ఆ రెండు సీసాలూ ఏ మూలకీ రాలేదు. గంగ రెండుసార్లు అరిచింది, కాళ్ళు చాచింది. అంతే.

సూరమ్మ కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని, గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"ఏటైనాది బాబూ?"

లైనంతా అక్కడే ఉంది. నేను "కడుపులోకి విషం పోయింది" అన్నాను.

నిజమే చెప్పాను. విషం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. సూరమ్మ అడిగింది. "ఆకరిగా కుడితి ఎవులు పోసినారు?"

ఖాళీ బకెట్టు పట్టుకుని నూకరత్నం తొట్టి పక్కనే నిలబడి ఉంది. పైడయ్య కలిపిన నీళ్ళమీద ఆమె తన గంజి పోసింది, ఆవు తాగింది.

"నేనే పోసినాను సూరమ్మత్తా. రోజూ పోసినట్టే."

"రోజూ పోసినట్టే" అని సూరమ్మ ఆ మాటనే తిరిగి అంది. ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు. అందరూ నావైపు చూశారు. నేను గొట్టం కడుక్కుంటున్నాను.

ఎందుకు నోరు విప్పలేదో నిజాయితీగా రాస్తాను. ఆ సమయంలో నా బుర్ర ఒక చక్కటి వాదం అల్లింది. యూరియా వల్ల ఆవు చచ్చిందని తెలిస్తే ఈ జనం సైన్సునే తిడతారు, మళ్ళీ తాయెత్తుల దగ్గరికి పోతారు, ఇన్నేళ్ళ శ్రమ పోతుంది అని. నలభై ఏళ్ళు చర్చల్లో రాటుదేలిన బుర్ర కదా, పిరికితనాన్ని కూడా సిద్ధాంతంలా చూపించగలదు. అసలు సంగతి వేరు. చప్పట్లు కొట్టిన ఆ చేతులు నా మీదికి లేస్తాయని భయపడ్డాను.

గంజి కాలవలో

ఆ మర్నాటినుంచి ఆడవాళ్ళు నూకరత్నం ఇంటికి వెళ్ళి, కుట్టని జాకెట్టు ముక్కలు వెనక్కి పట్టుకుపోయారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు పక్కకి జరిగేవి. ఆమె మాత్రం అలవాటు మానలేదు. గంజి బకెట్లో దాచేది, సాయంత్రం కాలవలో పారబోసేది. నేను సైకిలు మీద పోతూ ఒకసారి చూశాను.

పది రోజులకి ఆసుపత్రికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"బాబూ, మీరు సదువుకున్నోరు. మా లైనుకొచ్చి ఒక్క మాట సెప్పండి. నా గంజిలో ఏటీ నేదని. మీరు సెప్తే ఇంటారు."

"చూద్దాం రత్నం. వీలు చూసుకుని వస్తాను."

"ఎప్పుడొస్తారు?"

"చెప్తానులే."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు. చూద్దాం అన్న మాట నా జీవితంలో చాలామంది అధికార్ల నోట విని అసహ్యించుకున్నాను. నా నోట అది ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో నెలకి పైడయ్య వచ్చాడు. జేబులోంచి రెండు కాగితం పొట్లాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండింట్లోనూ ఉప్పు.

"ఇది అమ్మ గుప్పెడు. ఇది నాది. మా వర్క్‌షాపులో తరాజు మీద ఎట్టి సూసినాను బాబూ. నాది అమ్మ గుప్పెడికి మూడింతలున్నాది. నేను రెండేసినాను. అంటే ఆరు." వాడు బల్లకేసి చూస్తూ అన్నాడు. "షాపులో ఎంట్రుకవాసి తేడా వస్తే మేస్త్రీ సేసిన పని ఎనక్కి కొడతాడు. ఇంటికాడ గుప్పెడంటే గుప్పెడే అనుకున్నాను. గంగని నేనే సంపీసినాను కదా?"

"నువ్వు కాదు పైడయ్యా. నేను. నాకు ఆ రోజే తెలుసు."

వాడు పొట్లాలు మళ్ళీ మడిచాడు. తర్వాత అడిగాడు. "ఆ రోజే తెలుసా? మరి రత్నమప్ప సంగతేటి?"

నా పదవిలో, నా చదువులో, నా ఉపన్యాసాల్లో దేనికీ అందని మాట అది. ఆరింతలు వేసి తప్పు చేసిన ఫిట్టరు తనంతట తాను తరాజు దగ్గరికి వెళ్ళాడు. హేతువాదినని చెప్పుకునే నేను తరాజుని చూసి పారిపోయాను. ఇద్దరిలో హేతువాది ఎవరో నువ్వే తేల్చుకో.

ఇద్దరం లైనుకి వెళ్ళాం. నూకరత్నం ఇంటికి తాళం. ముందు వారమే మిషను అమ్మేసి, ఇచ్ఛాపురం దగ్గర తమ్ముడింటికి వెళ్ళిపోయిందన్నారు. కుళాయి దగ్గర అందర్నీ పిలిచి, పొట్లాలు విప్పి చూపించి, జరిగినదంతా చెప్పాను. తప్పు నాదని చెప్పాను. పైడయ్య కూడా చెప్పాడు. సూరమ్మ శ్రద్ధగా విని, నా చెయ్యి పట్టుకుంది.

"మీది పెద్ద మనసు బాబూ. దిక్కులేనిదని దాని తప్పు మీరు నెత్తినేసుకుంటన్నారు."

చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తల ఊపారు. ఇంకోసారి చెప్పాను. పట్టికలు చెప్పాను, సూక్ష్మజీవుల గురించి చెప్పాను. నేను ఎంత చెప్తే నా మనసు అంత పెద్దదైపోయింది. మొదటి రోజు ఒక్క వాక్యంతో పోయే నమ్మకం ఆ నెలన్నరలో గోడలా లేచింది. ఆ గోడకి మొదటి ఇటుక నేనే పెట్టాను, విషం అన్న మాటతో.

తమ్ముడి నంబరు సంపాదించి రత్నానికి ఫోను చేశాను. అంతా చెప్పి క్షమించమన్నాను.

"ఆ రోజు వాకిట్లో సెప్పాల బాబూ" అంది. "ఇప్పుడు నాకు సెప్పి ఏటి? నా గంజిలో ఏటీ నేదని నాకు తెలుసు."

ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఎత్తలేదు. ఆ లైనులో మళ్ళీ ఎవరూ ఆవుని పెట్టలేదు. తొట్టి ఇప్పటికీ ఉంది, వానకి నిండుతుంది, ఎండకి ఎండుతుంది.

నువ్వు చెయ్యవలసింది

ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ప్రోటీన్ గురించి వీడియో ఉంది. పేగులదాకా విరగకుండా పోయే ప్రోటీన్ అంటారు. అది బాగా పాలిచ్చే ఆవుకి పనికొస్తుంది, వట్టి గడ్డి తినే బక్క ఆవుకి దండగ. పొడి అంటారు, నాకించే ఇటుక అంటారు, ద్రవం అంటారు. అన్నిటికీ జవాబు ఆ పేడలోనే ఉంటుంది. వంగి చూడు. నీకంటే ముందు ఏ డబ్బావాడూ వంగడు.

కానీ నిన్ను ఇంతసేపు కూచోబెట్టింది అందుకు కాదు. ఇవాళే ఒక తరాజు కొను. మందుల పెట్టెలో పెట్టుకో. ఎవరికైనా మోతాదు చెప్పేముందు, ఆవుకి పెట్టే మనిషి చేత్తోనే తీయించి, తరాజు మీద పెట్టి, అంత పట్టే గిన్నె ఒకటి వాళ్ళ ఇంట్లోంచే ఎంచి ఇచ్చి రా. ఇంకెవరైనా పెడతారా అని అడుగు. దాణా అయిపోయిన రోజున ఏం చేస్తారని అడుగు. ఇన్ని అడిగినా ఒక రోజు నీ మాటమీద ఒక పశువు చస్తుంది, నాది చచ్చినట్టే. ఆ రోజు గొట్టం కడుక్కుంటూ నిలబడకు. జనం అక్కడ ఉండగానే, ఎవరో ఒకరు ఇంకొకరి బకెట్టు వైపు చూసేలోపే, ఆ వాకిట్లో నిలబడి చెప్పు: ఇది నా తప్పు అని.